రెండో గుక్క

ల్యాబ్ వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమమా అని అడగను. క్షేమంగా ఉంటే అక్కడెందుకుంటావు? నేను మాత్రం ఎప్పటిలాగే ఉన్నాను. పొద్దున్నుంచి పద్దెనిమిది సీసాల నీళ్ళు పరీక్ష చేశాను. ఒక్కదాంట్లోనూ క్రిములు లేవు. అన్నీ శుభ్రంగా ఉంటే నాకు పొద్దుపోదని నీకు తెలుసుగా.

ఆ తాగుడు మాన్పించే ఆస్పత్రిలో నిన్ను చేర్చిన రోజే నీ ఫోను లాక్కుని, "తొంభై రోజులు ఉత్తరాలే" అన్నారు. నాకేమో ఉత్తరం రాసే అలవాటు పోయి పదిహేనేళ్ళయింది. కవరు కొనడానికి వెళ్తే దుకాణంవాడు నన్ను వింతగా చూశాడు. అయినా ఇంట్లో ఉండేది మనమిద్దరమే. నువ్వు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి? అందుకని కాగితం మీద పోట్లాడతాను.

అసలు సంగతికి వస్తాను. మీ లిఫ్టుల కంపెనీ నుంచి ఒక ఫారం వచ్చింది. "గైరుహాజరుకు కారణం" అని రాసి, దాని పక్కన రెండు గళ్ళు. ఒకటి "అనారోగ్యం", రెండోది "ప్రవర్తన". మొదటి గడిలో టిక్ పెడితే తిరిగొచ్చాక నీ మెకానిక్ పని నీకే. రెండో దాంట్లో పెడితే విచారణ, ఆ తర్వాత బహుశా ఇంటికే. కింద కుటుంబ సభ్యుల సంతకం కావాలట, అంటే నాది. వచ్చే నెల ఇరవై దాకా గడువుంది.

నాకసలే చూడకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. అందుకని అడగడం మొదలుపెట్టాను. మీ ఆఫీసు గుమాస్తా, "జబ్బయితే ఇంకొకరికి అంటుకోవాలి కదమ్మా" అన్నాడు. "షుగరు అంటుకుంటుందా బాబూ?" అంటే తల గోక్కున్నాడు. మన డాక్టరమ్మ, "ముమ్మాటికీ జబ్బే. మెదడే మారిపోతుంది" అంది. "మొదటి సీసా కొన్నప్పుడు కూడానా?" అన్నాను. "అప్పటికి కాదు" అంది. "మరి ఎన్నో సీసా నుంచి?" అన్నాను. ఆవిడ నవ్వి తర్వాతి పేషెంటును పిలిచింది.

నువ్వు ఆ జబ్బో ఇంకోటో ఉన్నవాళ్ళ మధ్యలోనే ఉన్నావు కదా. కాస్త కనుక్కుని రాయి.

అక్క


మూడో వార్డు, కిటికీ పక్క మంచం,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం వార్డంతా చదివింది. ఇక్కడ ఎవరికి ఉత్తరం వచ్చినా అది అందరిదీ. "ఎన్నో సీసా నుంచి" అన్న దగ్గర లెక్కల మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నా ఎదురు మంచం ఆయనది. ఇరవై రెండేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాడు. ఒకరోజు సగం లెక్క బోర్డు మీదా మిగతా సగం గోడ మీదా చేశాడట, మర్నాడు తెచ్చి ఇక్కడ పడేశారు.

నీ కోసం ఓట్లు వేయించాం. మొత్తం పదకొండు మందిమి. ఆరుగురు జబ్బన్నారు. నలుగురు చేజేతులా చేసుకున్నదే అన్నారు. ఒకాయన భోజనం ఎన్నింటికి అని అడిగాడు. తమాషా ఏమిటంటే, జబ్బన్న ఆరుగురూ కొత్తవాళ్ళు. చేజేతులా అన్నవాళ్ళంతా రెండోసారి, మూడోసారి వచ్చినవాళ్ళు. తారుమారుగా ఉండాలి కదా? మాస్టారు దీన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించి, నాలుగు రోజులుగా బుర్ర గోక్కుంటున్నాడు.

ఆయన బాధ వేరే. "పొద్దున్న తాగకూడదని నిర్ణయించేది నేనే. సాయంత్రం తాగాలని నిర్ణయించేదీ నేనే. పొద్దుటివాడి మాట సాయంత్రంవాడు ఎందుకు వినడయ్యా?" అంటాడు. నేను లిఫ్టు సంగతి చెప్పాను. ఒక్కో పాత లిఫ్టుకు వైరింగు దెబ్బతింటే మూడు నొక్కితే అయిదుకు పోతుంది. నొక్కినవాడి తప్పేముంది? "మూడో సారి కూడా అదే లిఫ్టు ఎక్కాడంటే తప్పు వాడిదే" అన్నాడు మాస్టారు. ఇక అక్కడి నుంచి వార్డంతా లిఫ్టుల మీదే గొడవ. నర్సు వచ్చి లైటు ఆర్పేస్తానంటే గానీ ఎవరూ నోరు మూయలేదు.

పరిశోధన తీరిగ్గా చేద్దాం. నువ్వు మాత్రం మొదటి గడిలో టిక్ పెట్టి సంతకం చేసి పంపేసెయ్. నిద్ర పడుతోంది. చేతుల వణుకు కూడా తగ్గింది, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నీ తమ్ముడు


ల్యాబ్ వెనక గది,
గురువారం

ఒరేయ్,

అక్షరాలు చూశాను. బడిలో కూడా ఇంత గుండ్రంగా రాయలేదు నువ్వు. సంతోషం.

ఫారం మీద నీ ఉద్యోగం నంబరు వేయించడానికి మొన్న మీ వర్క్‌షాపుకు వెళ్ళాను. అక్కడ ఎవరున్నారనుకున్నావు? మీ పెద్దాయన. తొమ్మిదేళ్ళుగా నీ జంట మెకానిక్, లిఫ్టు గుంటలో తప్ప నేల మీద కాలు పెట్టడని నువ్వు చెప్పే మనిషి, ఒక బల్ల ముందు కూర్చుని బోల్టులు లెక్కపెట్టి డబ్బాల్లో వేస్తున్నాడు. ఆ మీసాలు కూడా జారిపోయినట్టున్నాయి. ఏమైందండీ అని అడిగితే అంతా చెప్పాడు.

ఇంత సంగతి నాకు నువ్వు చెప్పనేలేదేంరా! నిన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళిన మంగళవారమేనట. కింద గుంటలో ఉండే ఆపే స్విచ్ పాడైతే బాగుచేయడానికి ఆయన దిగాడట. దిగేముందు పైన మెషిన్ రూములో మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తన తాళం వేయాలట కదా. వేయడం మర్చిపోయాడట. నువ్వు పైకెళ్ళి చూస్తే తాళం మేకుకే వేలాడుతోందట. పని అయిపోయిందనుకుని నువ్వు స్విచ్ వేశావట. లిఫ్టు నాలుగో అంతస్తు నుంచి ఆయన నెత్తి మీదికి దిగిందట. బల్లిలా నేలకు కరుచుకుని పడుకున్నాడట.

పైగా ఆయన నన్నే ఓదార్చాడు. "మీ తమ్ముడి తప్పేం లేదమ్మా. నన్ను చంపేశాననుకుని భయపడ్డాడు పాపం. ఆ భయానికే ఆ రోజు అంత తాగి పడిపోయుంటాడు. అంతా నా మతిమరుపు వల్లే" అన్నాడు.

నాకు అర్థం కానిది ఒకటుంది. ఆ తాళం చూశాను. దానిమీద ఆయన ఫోటో ఉన్న బిళ్ళ కూడా ఉంది. ఎవరి తాళం వాళ్ళే వేసి, వాళ్ళే తీయాలట. ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేసిన పనిని మనిషి ఎలా మర్చిపోతాడు? నేను పొద్దున్న పళ్ళు తోముకోవడం మర్చిపోతానా?

డాక్టరమ్మను ఇంకో ప్రశ్న అడిగాను. తనంతట తాను నాలుగు రోజులు మానేసినవాడు అయిదో రోజు తాగితే, అది జబ్బా, కావాలని చేసిందా అని. "అయిదో రోజు ఏం జరిగింది?" అని ఆవిడ ఎదురడిగింది. నేను మాట మార్చేశాను.

అక్క


మూడో వార్డు,
శనివారం

అక్కా,

సంతకం పెట్టి పంపమంటే వర్క్‌షాపుకు ఎందుకెళ్ళావు? నంబరు నన్నడిగితే చెప్పేవాణ్ణి.

పెద్దాయన సంగతి నీకెందుకు? వయసు మీద పడింది, మర్చిపోయుంటాడు. రెండేళ్ళలో రిటైరయ్యే మనిషి బల్ల దగ్గర కూర్చుంటే కొంపేం మునగదు. ఆయనకూ హాయే.

ఈ వారం ఓట్లు వేయించలేదు. మాస్టారికి జ్వరం. గడువు దగ్గర పడుతోంది, చూసుకో.

తమ్ముడు


ఇంట్లో, వంటగది బల్ల,
ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఏడు లైన్లుంది. అందులో జోకు లేదు. నాకు కోపం రాలేదు, భయం వేసింది.

అయిదో రోజు సంగతి నీకు చెప్పకుండా ఫారం మీద సంతకం పెట్టలేకపోతున్నాను. మూడుసార్లు పెన్ను తీశాను, మూడుసార్లూ మూత పెట్టేశాను.

నువ్వు శుక్రవారం నుంచి మానేశావు. నాతో చెప్పలేదు గానీ నేను గమనించాను. శని, ఆది, సోమ. మంగళవారం పొద్దున నీ చేతులు ఎలా వణికాయంటే, చొక్కా గుండీ పెట్టుకోలేక గోడవైపు తిరిగావు, నేను చూడకూడదని. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయని ఎక్కడో చదివాను. ఆ చేతులతో లిఫ్టు పనికి వెళ్తే ఏమవుతుందోనని ఇంకో భయం. నువ్వు బీరువా వెనక దాచిన సీసా నాకు ఎప్పటినుంచో తెలుసు. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న కొలపాత్ర ఉంది కదా, అందులో సరిగ్గా ముప్పై మిల్లీలీటర్లు కొలిచి నీ కాఫీలో పోశాను. నువ్వు తాగావు. చేతులు కుదుటపడ్డాయి. "వెళ్ళొస్తానక్కా" అన్నావు. నేను చాలా తెలివైనదాన్ననుకున్నాను.

నాలుగు రోజులు నువ్వు కష్టపడి కట్టుకున్నదాన్ని నేను ఒక్క కప్పుతో కూల్చేశాను. అందుకేరా ఊరందరినీ పట్టుకుని జబ్బా, కాదా అని వేధిస్తున్నది. జబ్బయితే నేను మందిచ్చాను. కాకపోతే నీ నిర్ణయాన్ని నేను దొంగిలించాను. ఏదో ఒకటి ఎవరైనా తేల్చి చెబితే నిద్రపోవాలనుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నిన్న పెద్దాయన ల్యాబ్‌కు వచ్చాడు. సీసాలు చూస్తూ కాసేపు నిలబడి, "మతిమరుపుకు ఇక్కడ పరీక్ష చేస్తారామ్మా?" అని అడిగాడు. ఇక్కడ నీళ్ళకేనండీ అన్నాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. "గ్యాస్ ఆపాను. తలుపు వేశాను. చెప్పులు వేసుకున్నాను." రోజంతా అలా రాసుకుంటూనే ఉన్నాడు. ఇంట్లోవాళ్ళు మనవణ్ణి కూడా ఆయన చేతికివ్వడం లేదట, ఎక్కడైనా వదిలేసి వస్తాడేమోనని.

ఆయన మతి బాగానే ఉందిరా. పోయినసారి నేను కట్టుకున్న చీర రంగు కూడా చెప్పాడు. మరి ఆ తాళం ఎలా మర్చిపోయాడు? నీకేమైనా తెలుసా?

అక్క


మూడో వార్డు, కిటికీ పక్క మంచం,
మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం వార్డులో ఎవరికీ చూపించలేదు. ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను.

ముందు కాఫీ సంగతి. నాకు తెలుసు. మొదటి గుక్కలోనే తెలిసింది. పదేళ్ళు తాగినవాడికి తెలియదనుకున్నావా, పిచ్చిదానా! నువ్వు వంటగది గుమ్మంలోంచి చూస్తున్నావు. కప్పు కింద పెట్టొచ్చు, "ఏంటక్కా ఇది" అనొచ్చు. ఒళ్ళంతా ఇంకా కావాలని గోల పెట్టింది, అది నిజమే. కానీ అదే సమయంలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. "హమ్మయ్య, ఇప్పుడు తప్పు అక్కది" అనుకున్నాను. అక్కా, నాకు సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే మళ్ళీ తాగాను. మొదటి గుక్క నువ్వు పోసింది. రెండో గుక్క మాత్రం నాదే. ఇక నువ్వు నిద్రపో.

బీరువా వెనక సీసా సంచిలో వేసుకెళ్ళి, బస్టాపు దగ్గర మిగతాది తాగాను. పనికి వెళ్ళేసరికి బాగానే తాగి ఉన్నాను. పెద్దాయనకు వాసన రాకుండా దూరంగా నిలబడ్డాను.

ఆయన తాళం వేశాడు. ఎప్పటిలాగే వేసి, ఒకసారి లాగి చూసి, గుంటలోకి దిగాడు. నేను ఏదో పానా కోసం మెషిన్ రూముకు వెళ్ళాను. కింద ఎవరో లిఫ్టు రావడం లేదని అరుస్తున్నారు. ఆయన పైకి వచ్చేశాడని నాకు అనిపించింది. ఎందుకనిపించిందో ఇప్పటికీ తెలియదు.

ఆ తాళానికి చెవి ఒక్కటే ఉండాలి. కానీ ఎప్పుడో ఒకసారి ఆయన చెవి గుంటలో పడిపోయి మధ్యాహ్నం దాకా అవస్థపడ్డాం. అప్పటినుంచి ఆయన మారుచెవి నా దగ్గర, నాది ఆయన దగ్గర. రూలుకు విరుద్ధం. మా ఇద్దరికీ అది గొప్పగా ఉండేది, ఒకరి ప్రాణం ఒకరి జేబులో ఉందని నవ్వుకునేవాళ్ళం. ఆ చెవితోనే తాళం తీశాను. మేకుకు తగిలించాను. స్విచ్ వేశాను. కింద నుంచి కేక వినిపించింది.

స్విచ్ కట్టేసి పరిగెత్తాను. ఆయన భుజం గీరుకుపోయింది, అంతే. పైకి వచ్చి, "నేను తాళం వేశాను కదరా?" అన్నాడు. "లేదు పెద్దాయనా, తాళం మేకుకే ఉంది. మీరు వేయలేదు" అన్నాను. ఆయన నా మొహం చూశాడు. తర్వాత తన చేతులు చూసుకున్నాడు. నమ్మేశాడు.

స్విచ్ వేసింది మత్తులో. ఈ అబద్ధం మత్తులో ఆడలేదక్కా. ఆ కేకకే మత్తంతా దిగిపోయింది. చక్కగా ఆలోచించి ఆడాను. సాయంత్రం పడిపోయేదాకా తాగింది ఆయన చేతులు చూసుకున్నది తట్టుకోలేక. దాన్ని జబ్బనాలో ఏమనాలో మీ డాక్టరమ్మనే చెప్పమను.

ఇక్కడ ఇన్నాళ్ళూ జబ్బా కాదా అని హాయిగా వాదించాను. ఎందుకో తెలుసా? జబ్బని తేలితే ఈ అబద్ధం కూడా అందులో కలిసిపోతుందని. నీ ఉత్తరంలో ఆ చిన్న పుస్తకం సంగతి చదివాక ఇక వాదించలేకపోయాను.

ఇందులో ఇంకో రెండు కాగితాలున్నాయి. ఒకటి పెద్దాయనకు, నువ్వే ఇవ్వు. రెండోది కంపెనీకి, ఫారం వెనక అతికించు. గళ్ళ సంగతి అంటావా, రెండిట్లోనూ టిక్ పెట్టు. ఆ ఉద్యోగం ఇక ఉండదు. ఆ పని తప్ప నాకు ఇంకోటి రాదని నీకు తెలుసు. అయినా ఇవ్వు.

తమ్ముడు


ల్యాబ్ వెనక గది,
శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి రెండు వారాలు నీకు జవాబు రాయబుద్ధి కాలేదు. అంత కోపం వచ్చింది. నువ్వు తాగినందుకు కాదు. పరువు పోగొట్టినా, పడిపోయినా మోశాను. ఒక మనిషికి తన మీద తనకే అనుమానం పుట్టించి, రెండు నెలలు హాయిగా ఓట్లు వేయించుకున్నావే, అందుకు. ఈ కోపం ఇంకా తగ్గలేదు, దాచుకోను.

నా వంతు కూడా చెబుతాను. డాక్టరమ్మకు కాఫీ సంగతి చెప్పాను. బాగా తిట్టింది. "వణుకుతుంటే ఇక్కడికి తీసుకురావాలి గానీ నువ్వెవరు కొలిచి పోయడానికి?" అంది. జబ్బన్నాక తనకెందుకు చూపించలేదని అడిగింది.

పెద్దాయనకు కాగితం ఇచ్చాను. నిలబడే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తర్వాత ఆ బల్ల మీదే కూలబడి, "వేశానమ్మా! తాళం వేశాను నేను!" అని అందరికీ వినపడేలా అరిచాడు. నవ్వాడో ఏడ్చాడో చెప్పలేను. ఆ తర్వాత నిన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు. జేబులో పుస్తకం తీసి చింపబోయి, వెనక ఫోన్ నంబర్లున్నాయని మళ్ళీ పెట్టుకున్నాడు.

మారుచెవి ఇచ్చింది తనేనని కంపెనీకి ఆయనే చెప్పేశాడు. వార్నింగు ఇచ్చారు. మతి పోయిందన్న మాట కన్నా ఇదే నయమన్నాడు.

ఫారం ఇస్తే గుమాస్తా, "రెండు గళ్ళలో టిక్ పెడితే కంప్యూటరు తీసుకోదమ్మా" అన్నాడు. "అయితే దాన్నే తేల్చమను బాబూ, మా వల్ల కాలేదు" అన్నాను. సంతకం పెట్టాను. నిన్న ఉత్తర్వు వచ్చింది. నీ ఉద్యోగం పోయింది. ఏ కంపెనీ కూడా నిన్ను లిఫ్టు గుంట దగ్గరకు రానివ్వకుండా మెకానిక్ లైసెన్సు కూడా రద్దు చేయమని రాశారట.

పెద్దాయన ఇవాళ పొద్దున మళ్ళీ గుంటలోకి దిగాడు. దిగేముందు నాకు ఫోను చేసి చెప్పాడు. నీ గురించి అడగలేదు. పెట్టేసేముందు మాత్రం, "వాడితో కలిసి ఇక పనిచేయను. నా ఇంటికొస్తే కూర్చోమంటాను. అంతవరకే" అన్నాడు.

అక్క


మూడో వార్డు,
సోమవారం

అక్కా,

ఉద్యోగం పోయిందన్న వాక్యం ఒకసారే చదివాను. ఆయన గుంటలోకి దిగాడన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మంచం మీద అటు తిరిగి పడుకుని ఏడ్చాను. మాస్టారు చూసి తన నోటుపుస్తకం తెరుచుకున్నాడు.

సాయంత్రం మాత్రం ఆగలేక, "ఇంతకీ మీ అక్క ఏమని తేల్చింది, జబ్బేనా?" అన్నాడు. తేలలేదన్నాను. జబ్బేనని నాకిప్పుడు నమ్మకం కుదురుతోంది. చేసినవన్నీ జబ్బు చేయలేదని కూడా తెలుస్తోంది. ఏది ఎంతవరకో నీ కొలపాత్రకు కూడా అందదు. మాస్టారికి ఈ జవాబు నచ్చలేదు, ఇంకా వాదిస్తూనే ఉన్నాడు.

గురువారం పదింటికి వదులుతారు. నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు. ముందు పెద్దాయన ఇంటికి వెళ్తాను, ఒక్కణ్ణే. ఆయన కూర్చోమంటే కూర్చుంటాను, అనకపోతే నిలబడి చెప్పాల్సింది చెప్పి వస్తాను. భయంగా ఉంది. తాగాలని కూడా ఉంది, నీతో ఇక అబద్ధం ఆడను.

నాలుగింటికల్లా ఇంట్లో లేకపోతే, నన్ను వెతుక్కుంటూ రా అక్కా.

తమ్ముడు